డీఎస్‌ఎల్ లైన్‌కి కొత్త రౌటర్ కొంటున్నారా? ముందు చిప్‌సెట్ చూడండి

ఫోన్ తీగ మీద వచ్చే బ్రాడ్‌బ్యాండ్ (డీఎస్‌ఎల్) వాడేవాళ్లకి, ముఖ్యంగా ఎక్స్ఛేంజికి దూరంగా ఉన్నవాళ్లకి ఈ హెచ్చరిక. డబ్బా మీద 'వీడీఎస్‌ఎల్2' (డీఎస్‌ఎల్‌లో వేగమైన రకం) అని రాసి ఉన్నంత మాత్రాన రౌటర్ కొనేయకండి. లోపలి మోడెమ్ చిప్ ఏ కంపెనీదో తెలిశాకే డబ్బు కట్టండి.

నేను కొన్నది ఖరీదైన రౌటరే. వైఫై ఇల్లంతా అందుతోంది. లైన్ మాత్రం నిలవదు. పాత రౌటర్ రోజుల తరబడి పట్టుకుని ఉన్న అదే తీగ మీద, ఇది సాయంత్రమయ్యేసరికి సింక్ (ఎక్స్ఛేంజితో లంకె) పోగొట్టుకునేది. నిలిచినప్పుడు కూడా వేగం పాతదానికంటే తక్కువ, సీఆర్‌సీ ఎర్రర్లు (దారిలో చెడిపోయిన డేటా లెక్క) ఎక్కువ. అమ్మినవాళ్లేమో "రౌటర్ బాగుంది, లోపం మీ లైన్‌లోనే" అన్నారు. కనెక్షన్ ఇచ్చినవాళ్లు లైన్ పరీక్షించి "లైన్ బాగుంది, రౌటర్ మార్చండి" అన్నారు. మధ్యలో మాకు టెన్షన్. పాత రౌటర్ తిరిగి పెడితే లైన్ మళ్లీ కుదురుగా నిలిచింది.

ఇలా ఎందుకంటే, ఎక్స్ఛేంజిలోనో వీధి క్యాబినెట్‌లోనో మన లైన్ అవతలి కొసన డీస్లామ్ అనే పెట్టె ఉంటుంది. మన రౌటర్ దాని లైన్ కార్డులోని చిప్‌తో బేరం కుదుర్చుకోవాలి. పాత రకమైన ఏడీఎస్‌ఎల్2+లో 512 టోన్లు (డేటా మోసే సన్నని ఫ్రీక్వెన్సీ పాయలు), వీడీఎస్‌ఎల్2 17ఏ ప్రొఫైల్‌లో 4096. ఒక్కో టోన్ మీద ఎన్ని బిట్లు పంపాలో, లైన్‌లో నాయిస్ (సిగ్నల్‌కి అడ్డొచ్చే అలజడి) పెరిగితే వాటిని ఎటు మార్చాలో రెండు చిప్‌లూ కలిసి తేల్చుకుంటాయి. రెండూ ఐటీయూ (అంతర్జాతీయ టెలికాం సంస్థ) ప్రమాణాలు పాటించేవే అయినా, ఈ సర్దుబాట్లు చేసే తీరు కంపెనీని బట్టి మారుతుంది. లైన్ పొట్టిదైతే ఆ తేడా తెలియదు. పొడుగు లైన్‌లో ఒకటి రెండు డెసిబెల్స్ కూడా లెక్కలోకి వస్తాయి.

కొనేముందు ఇప్పుడున్న రౌటర్‌లో డీఎస్‌ఎల్ స్టేటస్ పేజీ తెరవండి. చాలా రౌటర్లు అవతలి డీస్లామ్ చిప్ కోడ్ చూపిస్తాయి. కొత్త రౌటర్‌లోనూ అదే కంపెనీ చిప్ ఉండేలా చూసుకోండి. బీడీసీఎం అంటే బ్రాడ్‌కామ్, ఐఎఫ్‌టీఎన్ అంటే ఇన్ఫినియన్. ఈ రెండోదాని పేరు దగ్గర తికమక పడకండి. ఆ విభాగం 2009లో లాంటిక్‌గా విడిపోయింది, 2015లో ఇంటెల్ కొంది, 2020లో మ్యాక్స్‌లీనియర్ చేతికి వెళ్లింది. కాబట్టి స్పెసిఫికేషన్లలో వీటిలో ఏ పేరు కనిపించినా వంశం ఒకటే.

ఒకే మోడల్ పేరుతో వేర్వేరు హార్డ్‌వేర్ వెర్షన్లు, వాటిలో వేర్వేరు చిప్‌లు రావడం మామూలే. మోడల్ పేరు ఒక్కటే అడిగితే చాలదు, అడుగున స్టిక్కర్ మీద ఉండే వెర్షన్ కూడా అడగండి. మీ లైన్‌లో వెక్టరింగ్ (పక్క లైన్ల సిగ్నళ్లు ఒకదానికొకటి అడ్డు రాకుండా చేసే పద్ధతి) ఉంటే దాని ప్రమాణమైన జీ.993.5 సపోర్ట్ తప్పనిసరిగా చూడండి. అది లేని మోడెమ్ పక్క లైన్లకు అడ్డు తగులుతుంది కాబట్టి ఆపరేటర్ దాని వేగం బాగా తగ్గించేయవచ్చు.

చిప్ కలిసినా తడిసిన జాయింట్లు, పాడైన తీగ బాగుపడవు. వాటిని ముందే సరిచేయించుకోండి. కొత్త రౌటర్‌ని పరీక్షించేటప్పుడు మాటిమాటికీ ఆఫ్ చేసి ఆన్ చేయకండి. లైన్ నిలకడగా లేదనుకుని ఆపరేటర్ సిస్టమ్ వేగం దించేస్తుంది, అది మళ్లీ పెరగడానికి రోజులు పడుతుంది.

ఇప్పటికే కొనేసి ఇరుక్కున్నవాళ్లు ముందు ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేసి చూడండి. కుదరకపోతే డీస్లామ్‌కి సరిపోయే చిప్ ఉన్న పాత మోడెమ్‌ని బ్రిడ్జ్ మోడ్‌లో (లైన్ పట్టుకునే పని మాత్రమే చేసేలా) పెట్టి, కొత్త రౌటర్‌కి ఈథర్నెట్ వ్యాన్ పోర్ట్ (బయటి నుంచి ఇంటర్నెట్ తీసుకునే సాకెట్) ఉంటే దాన్ని మోడెమ్ వెనక రౌటింగ్, వైఫై కోసం వాడండి. మా ఇంట్లో ఇప్పుడు అలాగే నడుస్తోంది. ఇంకా కొననివాళ్లు, 'లైన్‌తో కుదరకపోతే వాపసు తీసుకుంటాం' అన్న మాట బిల్లు మీద రాయించుకోండి.