అంబలి సీసాకి నాలుగు స్టార్లు, షేర్లకి రెండు

గుంటూరు బ్రాడీపేటలో మాకు మెడికల్ షాపు ఉంది. పంతొమ్మిదేళ్లుగా మందులు మా వారు చూసుకుంటారు, కౌంటరు, బిల్లులు, జనరల్ సరుకు నేను చూసుకుంటాను. విజయవాడ కుర్రాళ్లిద్దరు పెట్టిన చిన్న కంపెనీ రాగి అంబలిని 2025 ఫిబ్రవరి నుంచి అమ్ముతున్నాం. నవంబరులో వాళ్లే వచ్చి, "అక్కా, మా కంపెనీలో షేర్లు తీసుకోండి, కనీసం రెండు లక్షలు" అని అడిగారు. కంపెనీ పేరు ఇక్కడ రాయను. చిన్నవాళ్లు, తప్పు చెబితే దిద్దుకుంటున్నారు. ఇలా షేర్లు తీసుకోమని మీ షాపుకి ఎవరైనా వస్తే ఏం అడగాలో తెలియడం కోసం నేను చూసిందంతా రాస్తున్నాను.

ముందు సీసా సంగతి. 200 మిల్లీలీటర్ల గాజు సీసా, ఎమ్మార్పీ 40. కదపకుండా చూస్తే అడుగున రెండు వేళ్ల మందాన రాగి పేరుకుని, పైన పల్చటి నీరు తేరుకుని ఉంటుంది. చిక్కదనానికి వేరే జిగురు ఏదీ కలపకపోతే అలాగే ఉంటుంది, పాడైందని వెనక్కి ఇవ్వకండి. మూత తీయకముందే తలకిందులు చేసి పదిసార్లు బాగా ఊపాలి. మూత తిప్పగానే పులిసిన వాసన వస్తుంది, దాని వెనకే వేయించిన జీలకర్ర. గొంతు దిగాక నాలుక మీద సన్న రవ్వలాగా రాగి మిగులుతుంది. వినుకొండ దగ్గర పల్లెలో మా అమ్మమ్మ కుండలో రాత్రంతా పులియబెట్టి, పొద్దున్నే మజ్జిగా ఉల్లిపాయా కలిపి పోసేది. ఈ సీసాలో మజ్జిగ లేదు గానీ మిగతాదంతా ఆ రుచే. మొదటి గుక్కకే నాకు ఆ వసారా గుర్తొచ్చింది. అందుకే ఈ కంపెనీ నిలబడాలని నాకు నిజంగా ఉంది.

ఉప్పు రకం, బెల్లం రకం అని రెండు చేస్తారు. బెల్లం రకం వెనక 100 మిల్లీలీటర్లకి 9 గ్రాముల చక్కెర అని రాసి ఉంది. సీసా మొత్తానికి 18 గ్రాములు, అంటే దాదాపు నాలుగున్నర చెంచాలు. ఇన్సులిన్ కోసం వచ్చేవాళ్లే "బెల్లమే కదమ్మా, రాగులే కదమ్మా" అంటూ రెండేసి తీసుకెళ్లేవారు. బెల్లమైనా రక్తంలో కలిశాక చక్కెరే. మా వారికి ఎనిమిదేళ్లుగా షుగరు. ఒక ఆదివారం పరగడుపున ఉప్పు రకం, తర్వాతి ఆదివారం బెల్లం రకం తాగించి గ్లూకోమీటరుతో చూశాం. రెండు రోజులూ మొదట 120 దగ్గరే ఉంది. గంటన్నర తర్వాత ఉప్పు రకానికి 148, బెల్లం రకానికి 203. ఒక్క మనిషి మీద చూసినంత మాత్రాన అది పరీక్ష కాదని తెలుసు. అయినా ఆ రోజు నుంచి షుగరు ఉన్నవాళ్లకి బెల్లం సీసా నా చేత్తో ఇవ్వలేదు.

వాళ్లు మా షాపుకి ఇచ్చిన పోస్టరు మీద "షుగర్‌ని అదుపు చేస్తుంది", "కాల్షియం గని", "ప్రొబయోటిక్ హెల్త్ డ్రింక్" అని మూడు మాటలు పెద్దక్షరాల్లో ఉండేవి. మూడింటి మీదా ఆ ఇద్దరిలో ఒకబ్బాయిని కూర్చోబెట్టి మాట్లాడాను. మొదటిది తిండి వస్తువు మీద రాయాల్సిన మాటే కాదు. అనుమతి లేకుండా ఫలానా జబ్బు తగ్గుతుందని చెప్పి తినేవీ తాగేవీ అమ్మడానికి కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 ప్రకటనల నిబంధనలు ఒప్పుకోవు. ఇక కాల్షియం. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగానే ఉంటుంది, నిజం. కానీ సీసాలో రాగి ఎంత? లేబుల్ ప్రకారం ఆరు శాతం, అంటే 12 గ్రాములు. లెక్క కడితే 40 మిల్లీగ్రాముల చిల్లర. అదే కొలత పాలలో 200కు పైనే ఉంటుంది. రాగులు మంచివే, కాకపోతే మంచి జరగాలంటే కడుపులోకి వెళ్లే రాగి ఎంతో కూడా చూసుకోవాలి కదా.

అన్నిటికన్నా నన్ను ఆలోచింపజేసింది ప్రొబయోటిక్ అన్న మాట. మేలు చేసే బాక్టీరియా బతికే ఉందని దాని అర్థం. అంబలి పులిసేటప్పుడు మంచి బాక్టీరియా పుడుతుంది, అది మన పెద్దవాళ్లకి పేరు తెలియకపోయినా తెలిసిన సంగతే. కానీ సీసా ఫ్రిజ్ బయట ఆరు నెలలు నిలవ ఉంటోంది. ఎలా అని అడిగితే, 90 డిగ్రీల దగ్గర వేడి చేసి, వేడి మీదే నింపి మూత బిగిస్తామన్నాడు. ఆ వేడికి పులుపు పోదు గానీ, పులియబెట్టిన బాక్టీరియా బతకదు. ప్రొబయోటిక్ అని అమ్మాలంటే రోజుకి తీసుకునే మోతాదులో బతికున్న బాక్టీరియా కనీసం పది కోట్లు ఉండాలని మన నిబంధన. "ఆ సంఖ్య చూపించే ల్యాబ్ రిపోర్టు ఉందా?" అన్నాను. పులుపు 3.9 పీహెచ్ (ఈ అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) అనీ, హాని చేసే క్రిములు లేవనీ చూపించే రిపోర్టు తెచ్చాడు. అది చాలా మంచి రిపోర్టు. పీహెచ్ 4.6 కంటే తక్కువుంటేనే ఇలా వేడి మీద నింపి బయట నిలవ ఉంచగలం, అది దాటితే 121 డిగ్రీల ఆవిరిలో ఉడికించాలి. అంటే తాగేవాళ్లకి భయం లేదు. బతికున్న బాక్టీరియా లెక్క మాత్రం అందులో లేదు. ఆ అబ్బాయి కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆ మాట తీసేస్తానక్కా" అన్నాడు.

"హెల్త్ డ్రింక్" అన్న మాటదీ అంతే. 2006 ఆహార భద్రత చట్టంలో అలాంటి రకమే లేదు. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ అమ్మకందారులందరికీ ఆ వరస నుంచి డ్రింకులు తీసేయమని చెప్పింది. పెట్టుబడి కోసం చూపించే కాగితాల్లో ఆ మాట పద్నాలుగు చోట్ల ఉంది, నేనే లెక్కపెట్టాను.

ఇప్పుడు డబ్బు సంగతి. నా దగ్గర ఒక నోటు పుస్తకం ఉంది. కొత్త సరుకు ఏది పెట్టినా ఎన్ని పోయాయో, ఎవరు మళ్లీ వచ్చి అడిగారో రాసుకుంటాను. ఏప్రిల్, మే కలిపి 22 కేసులు పోయాయి, కేసుకి 24 సీసాలు. గుంటూరు ఎండల్లో చల్లగా ఏది పెట్టినా పోతుంది, పైగా అప్పుడు పన్నెండు కొంటే రెండు ఉచితం. ఆగస్టులో మూడు కేసులు. నవంబరులో రెండే, ఏ స్కీమూ లేదు. వాళ్ల కాగితాల్లో నెలవారీ అమ్మకాల గీత ఏప్రిల్, మే దగ్గర పైకి లేచి అక్కడే ఆగిపోయింది. ఆ తర్వాతి నెలలు లేవు. నాకు మాత్రం నవంబరే ముఖ్యం. ఆ నెల పోయిన 48 సీసాల్లో 31 ఏడుగురే కొన్నారు. అందులో నలుగురు ఎన్టీఆర్ స్టేడియంలో పొద్దున్నే నడిచి ఇటు వచ్చే పెద్దవాళ్లు, ఒకామె కాలేజీ లెక్చరరు. ఏడుగురిదీ ఉప్పు రకమే. ఎండ లేదు, ఉచితం లేదు, 40 రూపాయలు పెట్టి వారం వారం వస్తున్నారంటే ఆ రుచికి అలవాటు పడ్డారని అర్థం. కంపెనీకి ఉన్న అసలు ఆస్తి వాళ్లే. కాకపోతే వాళ్లు ఏడుగురు.

ఖర్చుల లెక్క అడిగితే దాచకుండా ఇచ్చాడు, అది నాకు బాగా నచ్చింది. 40 రూపాయల సీసాలో నాకు 8, డిస్ట్రిబ్యూటరుకి 3. కంపెనీ చేతికి 29. అందులోంచి 5 శాతం జీఎస్టీ పోతే 27 రూపాయల 60 పైసలు. గాజు సీసా 7, మూతా లేబులూ 2, రాగులూ మిగతా దినుసులూ 4, గన్నవరం దగ్గర యూనిట్ వాళ్లు వండి నింపినందుకు 5, అట్టపెట్టెలూ రవాణా 3, పగిలినవీ వెనక్కొచ్చినవీ 2. మొత్తం 23. మిగిలేది నాలుగు రూపాయల 60 పైసలు. జీతాలూ, ఆఫీసు అద్దే, ఊరూరా తిరిగి రుచి చూపించడమూ అన్నీ అందులోంచే.

ఆ కాగితం మా ఆడిటర్ గారికి చూపించాను. ఆయన అన్నీ వదిలేసి 5 శాతం దగ్గర వేలు పెట్టారు. 2025 సెప్టెంబరు 22 నుంచి పాలు కలిసిన పానీయాలకీ, గ్యాసు లేని పండ్లరసం పానీయాలకీ 5 శాతమే. వాటిలోనూ, విడిగా వేరే రేటున్న మరి కొన్నిటిలోనూ చేరని ఇతర పానీయాలకి 18 నుంచి 40 శాతానికి పెంచారు. "ఇందులో పాలు లేవు. నిమ్మరసం నాలుగు చుక్కలు. మరి 5 శాతం ఏ లెక్కనమ్మా?" అన్నారు. 40 శాతమని తేలితే ఎమ్మార్పీ పెంచకుండా కంపెనీ చేతికి వచ్చేది 20 రూపాయల 70 పైసలు. ఖర్చు 23. అమ్మిన ప్రతి సీసాకీ నష్టమే, పైగా ఇప్పటిదాకా తక్కువ కట్టిన పన్నుకి వడ్డీతో నోటీసు రావచ్చు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా డబ్బు ఇంకా పెట్టలేదు, అయినా ఆ పిల్లల గురించి టెన్షన్. మా అమ్మమ్మలాగా మజ్జిగ కలిపి ఉంటే ఈ చిక్కు వచ్చేది కాదేమో. పాలు పడనివాళ్లు కూడా తాగాలని వాళ్లే మానేశారు.

షేరు ధర ఇంకో కథ. కంపెనీ విలువ ఆరు కోట్లని చెప్పి, పైన 60 లక్షలు అడుగుతున్నారు. 2025 మార్చి వరకు ఏడాది అమ్మకం 38 లక్షలు, తర్వాత ఏడు నెలల్లో 51 లక్షలు. పెరుగుతున్న మాట వాస్తవం. కానీ నా రెండు లక్షలకి వచ్చే వాటా 0.3 శాతం. కంపెనీకి వంద రూపాయలు లాభం వస్తే నాది 30 పైసలు. బ్యాంకులో ఏడు శాతానికి వేసినా ఏడాదికి 14,000 వస్తుంది. ఇక్కడ అంత రావాలంటే కంపెనీ దాదాపు 46 లక్షల లాభం పంచాలి, అంటే జీతాలు లెక్కలోకి తీసుకోకుండానే పది లక్షల సీసాలు అమ్మాలి. ఈ ఏడు నెలల్లో వాళ్లు అమ్మింది రెండు లక్షల లోపు. "లాభం కోసం కాదక్కా, రేపు పెద్ద కంపెనీ కొంటే షేరు విలువ పెరుగుతుంది" అన్నాడు. కొనకపోతే? స్టాక్ మార్కెట్లో లిస్టు కాని షేరుని నేను ఎవరికి అమ్ముకోవాలి? దానికి అతని దగ్గరా జవాబు లేదు.

చట్టం విషయాలు క్లుప్తంగా చెబుతాను. ఈ షేర్ల సంగతి మొదట దుకాణదారుల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అలా పెట్టకూడదు. కంపెనీల చట్టం 42వ సెక్షన్ కింద పేరు రాసి ఇచ్చిన ఆఫర్ కాగితంతోనే, ఏడాదికి 200 మందికి మించకుండా అడగాలి, ప్రకటన చేయకూడదు, నగదు తీసుకోకూడదు. డబ్బు అందిన 60 రోజుల్లో షేర్లు కేటాయించకపోతే ఆ తర్వాత 15 రోజుల్లో తిరిగి ఇవ్వాలి. చెప్పగానే గ్రూపులోంచి తీసేశారు. ఆడిటర్ గారు ప్రభుత్వ పోర్టల్‌లో ఫీజు కట్టి బ్యాలెన్స్ షీటు తీయించారు. అందులో ఆ అబ్బాయి వాళ్ల నాన్నగారు ఇచ్చిన 14 లక్షల అప్పు ఉంది, వడ్డీ లేదు. మా డబ్బుతో ముందు అది తీర్చరు కదా అని అడిగాను. తీర్చమని ఈమెయిల్‌లో రాసిచ్చాడు.

షేర్లు తీసుకోలేదు. ముఖం మీదే చెప్పాను, అలాగే ఎందుకో కూడా చెప్పాను. "నీ అంబలి మీద నాకు నమ్మకం ఉంది బాబూ, ఆరు కోట్ల మీద లేదు" అన్నాను. వాళ్ల అసలు ఇబ్బంది డబ్బు చేతిలో తిరగకపోవడం. డిస్ట్రిబ్యూటర్లు 45 రోజులకి గానీ ఇవ్వరు, సీసాల వాళ్లేమో ముందే అడుగుతారు. అందుకని 40 కేసుల ఉప్పు రకానికి, సీసా 30 చొప్పున, 28,800 రూపాయలు ముందే కంపెనీ ఖాతాలో వేశాను. నెల నెలా కావలసినంత సరుకు, జూన్ లోపు అంతా అందేలా కాగితం రాసుకున్నాం. సరుకు కోసం ఇచ్చిన అడ్వాన్సు ఏడాది లోపు సర్దుబాటైతే అది కంపెనీల చట్టం ఆంక్షలు పెట్టిన డిపాజిట్ కిందకి రాదని ఆడిటర్ గారు చూసి చెప్పారు. నాకు సీసాకి రెండు రూపాయలు మిగులు, వాళ్లకి సీసాల వాడికి కట్టడానికి డబ్బు.

డిసెంబరు రెండో వారంలో మొదటి ఆరు కేసులు దించడానికి ఆ అబ్బాయే ఆటోలో వచ్చాడు. కొత్త లేబుల్ మీద ప్రొబయోటిక్ లేదు, "పులియబెట్టిన రాగి అంబలి" అని ఉంది. బెల్లం రకం మీద చక్కెర సీసా మొత్తానికి ఎంతో ముందువైపే వేశారు. జీఎస్టీ ఎంతో తేల్చమని అడ్వాన్స్ రూలింగ్‌కి, అంటే ఏ రేటు వర్తిస్తుందో అధికారులే రాసిచ్చే తీర్పుకి, దరఖాస్తు పెట్టామన్నాడు. జవాబు వచ్చాక, నవంబరు నెల కూడా ఉన్న లెక్కతో వస్తే షేర్ల సంగతి మళ్లీ వింటానని చెప్పాను.

ఈ వారం ఉప్పు రకం 17 సీసాలు పోయాయి. అందులో 13 పాత పేర్లే. కొత్తగా ఇద్దరు పుస్తకంలోకి ఎక్కారు.