కతానియాలో ఏనుగు ఫౌంటెన్ దగ్గర రెండు రోజులు

ఇటలీలోని సిసిలీ దీవికి వెళ్ళేవాళ్ళు చాలామంది కతానియా ఊళ్ళో ఒక రాత్రి పడుకుని పొద్దున్నే ఎట్నా అగ్నిపర్వతానికి బయల్దేరతారు. మా ప్లానూ అదే. అమ్మకి మోకాళ్ళు సహకరించక ఎట్నా మానుకున్నాం. దాంతో రెండు రోజులూ పియాజ్జా డ్యుయోమో అనే ఊరి నడిమి కూడలిలోనే, ఆ ఫౌంటెన్ ఏనుగు ముందే గడిచాయి. నాకైతే ఆ లోటే తెలియలేదు.

నల్లటి లావా రాతి ఏనుగు, తెల్లటి దంతాలు, పైకెత్తిన తొండం. వీపు మీద ఈజిప్టు గుళ్ళ ముందు ఉండేలాంటి గ్రానైట్ స్తంభం, దాని కొసన ఊరిని కాచే సెయింట్ అగాథా చిహ్నాలు. ఊళ్ళో దాన్ని ‘లియోత్రు’ అంటారు. 1669లో లావా ఊరి మీదికి వచ్చింది. 1693 భూకంపం మిగిలినదాన్ని కూల్చేసింది. ఊరిని మళ్ళీ కట్టిన వాస్తుశిల్పుల్లో ముఖ్యుడు వాక్కరీని. ఆయన 1735-37 మధ్య బరోక్ అనే ఆడంబరమైన శైలిలో ఈ ఫౌంటెన్ కట్టాడు. ఏనుగు మాత్రం అంతకన్నా చాలా పాతది. కొత్త విగ్రహం చెక్కించకుండా, జనం ఎరిగిన ఏనుగునే మళ్ళీ నిలబెట్టాడు. అన్నీ పోగొట్టుకున్నవాళ్ళకి ఆ ముఖం చూస్తే ఎంత ధైర్యం వచ్చి ఉంటుందో!

నీళ్ళు మాత్రం సన్నగా పడతాయి. రోమ్ ఫౌంటెన్లు చూసి వస్తే చిన్నగా అనిపిస్తుంది. సాయంత్రం గోలలో నీటి చప్పుడే వినపడదు. పక్కనే ఉన్న బదియా చర్చి పైకి టికెట్ కొని ఎక్కితే కూడలి, సముద్రం, ఎట్నా అన్నీ కనిపిస్తాయి. మెట్లు ఎక్కువ కాబట్టి నేనొక్కణ్ణే వెళ్ళాను. తప్పకుండా ఎక్కండి.

చేపల మార్కెట్ కూడలిని ఆనుకునే ఉంది. పొద్దున్నే వెళ్ళాలి, ఆదివారం ఉండదు. నేలంతా తడి, చెప్పులు జాగ్రత్త. చిన్న కొట్లలో ఉప్పేసిన నిమ్మ సోడా అమ్ముతారు. మన గోళీసోడా బండి దగ్గర తాగినట్టే ఉందని అమ్మ రెండోది అడిగింది.

బస విషయంలో తప్పు చేశాం. కూడలి పక్క సందులో గది దొరికిందని సంబరపడితే మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. రాత్రి రెండు దాకా గోల. ఊరి పన్ను విడిగా కట్టాలని ముందు చెప్పలేదు. గది శుభ్రంగానే ఉంది, వేడినీళ్ళకి లోటు లేదు. పెద్దవాళ్ళతో వెళ్తే రెండు మూడు వీధులు దూరంగా, లిఫ్ట్ ఉందో లేదో అడిగి తీసుకోండి.

వెళ్ళే రోజు తెల్లవారుజామున సూట్‌కేసులు లాక్కుంటూ కూడలి దాటాం. మనిషన్నవాడు లేడు. అప్పుడు వినిపించింది ఆ నీటి చప్పుడు.