మూడేళ్లు ఎన్‌పీటీఈఎల్ వాడాక నా మాట

నాది మెకానికల్ బీటెక్. రెండో ఏడాదికి వచ్చేసరికి హాస్టల్లో అందరిదీ ఒకటే పాట: "కోర్‌లో (అంటే మన బ్రాంచ్ ఉద్యోగాల్లో) ఏముందిరా, సాఫ్ట్‌వేర్‌కి మారిపో." నాన్నదీ అదే మాట. నాకేమో కోడింగ్ పడుతుందో లేదో కూడా తెలీదు. కెరీర్ కౌన్సెలింగ్ అని ఒక కోచింగ్ సెంటర్‌కి వెళ్తే, పది నిమిషాలు మాట్లాడి వాళ్ల కోర్సు ఫీజు కాగితం చేతిలో పెట్టారు. ఆ రోజు చాలా బాధేసింది. మా సీనియర్ అక్క ఒకామె ఎన్‌పీటీఈఎల్ చూడమంది.

ఇది ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ వీడియో పాఠాల వేదిక. సర్టిఫికెట్ కోర్సులు 2014 నుంచి ఉన్నాయి. చేరడానికి డబ్బు కట్టక్కర్లేదు. పరీక్ష రాయాలంటేనే ఫీజు, నేను కట్టింది వెయ్యి రూపాయలు. కోర్సు మొదలైన కొన్ని వారాల దాకా ఆ ఫీజు కట్టడానికి గడువు ఉంటుంది. నాకు దారి చూపింది ఈ గడువే.

మొదట ఐఐటీ రోపర్ వాళ్ల పైథాన్ కోర్సు, 12 వారాలు. బాగానే చేశాను, నూటికి 71 వచ్చి, మంచి మార్కులకు ఇచ్చే ఎలైట్ సర్టిఫికెట్ దక్కింది. అయినా రోజంతా ఇదే పని చేయగలవా అంటే మనసు ఒప్పుకోలేదు. తర్వాత డేటాబేస్ కోర్సులో చేరి, మూడో వారానికి ఫీజు కట్టకుండానే ఆపేశాను. ఆ తర్వాతి సెమిస్టర్‌లో కాస్టింగ్ (కరిగిన లోహాన్ని అచ్చులో పోయడం), వెల్డింగ్ ఉన్న కోర్సు తీసుకున్నాను. ఆదివారం మధ్యాహ్నం వీడియో పెట్టుకుని కూర్చుంటే చీకటి పడేదాకా లేచేవాణ్ణి కాదు. నా దారి ఏదో అప్పుడు తేలిపోయింది.

ఇబ్బందులూ ఉన్నాయి. పాత కోర్సుల్లో ఆడియో సరిగా వినపడదు. నేను చేసిన పాఠాలన్నీ ఇంగ్లీషులోనే. కొన్ని కోర్సులకు తెలుగు అనువాదం ఉంది, తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు ముందు అది వెతుక్కోండి. అసైన్‌మెంట్ జవాబులు టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరుగుతుంటాయి, వాటి జోలికి పోవద్దు. అసైన్‌మెంట్లకు 25 మార్కులే, మిగతా 75 సెంటర్‌కి వెళ్లి రాసే పరీక్షకు. అందులో విడిగా 30 రాకపోతే సర్టిఫికెట్ ఇవ్వరు.

ఏ ఉద్యోగానికి ఎంత జీతం, ఖాళీలు ఎక్కడున్నాయి అన్నది ఇక్కడ దొరకదు. దానికి నేను ఎక్కువగా సీనియర్లకు ఫోన్లు చేశాను. కేంద్ర ప్రభుత్వ నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్ కూడా ఉచితమే.

ఇంటర్వ్యూలో నా సర్టిఫికెట్లు ఒకసారి చూసి పక్కన పెట్టారు. "కాస్టింగ్‌లో రైజర్ ఎందుకు పెడతారు?" అని అడిగారు. రైజర్ అంటే అచ్చుకు అదనంగా కరిగిన లోహం నిలవ ఉంచే చోటు. లోహం గట్టిపడుతూ కుంచించుకుపోతుంది, ఆ లోటు నింపడానికి కరిగిన లోహం కావాలి, కాబట్టి రైజర్ అన్నిటికన్నా చివర గట్టిపడాలి అని బొమ్మ గీసి చెప్పాను. ఇప్పుడు ఒక ఫౌండ్రీలో, అంటే లోహం పోతపోసే కర్మాగారంలో, పనిచేస్తున్నాను.

మా తమ్ముడు ఈ జూలైలో రెండు కోర్సుల్లో చేరాడు, ఒకటి వాడి బ్రాంచ్‌ది, ఒకటి బయటది. మూడు వారాలు రెండూ చూడు, ఆ తర్వాతే దేనికి ఫీజు కట్టాలో నాకు చెప్పు అన్నాను.