బాష్‌లో అప్పటికప్పుడు వేరియబుల్ పుట్టించడం: ఏళ్ల వాడకం తర్వాత

సర్వర్ల పేర్లు ఒక ఫైల్లో ఉన్నాయి, ఒక్కోదానికీ ఒక విలువ దాచాలి. పేర్లేమిటో స్క్రిప్ట్ నడిచేదాకా తెలియదు. దీనికి బాష్‌లో (లినక్స్, మ్యాక్‌లలో కమాండ్లు నడిపే షెల్) ఉన్న ఐదు దారులూ చాలాకాలంగా వాడుతున్నాను. నా ఓటు అసోసియేటివ్ అర్రేకి, అంటే ఒక్కో పేరుకు (కీకి) ఒక్కో విలువను జతచేసి దాచే పట్టికకి. పదింట తొమ్మిదిసార్లు కొత్త వేరియబుల్ అవసరమే ఉండదు, కీ చాలు.

అందరూ ముందు పట్టుకునేది ఇవాల్. ఇచ్చిన టెక్స్ట్‌ను మళ్లీ కమాండ్‌గా నడిపిస్తుంది కాబట్టి ఫైల్లో పేరు పక్కన సెమీకోలన్ పెట్టి ఎవరైనా ఆర్ఎం (ఫైళ్లు చెరిపేసే కమాండ్) రాస్తే అదీ నడిచిపోతుంది. పేరులో హైఫన్ ఉంటే 'కమాండ్ నాట్ ఫౌండ్' అంటుంది. బయటి నుంచి వచ్చే డేటాతో దీన్ని వాడకండి.

మనం ఇచ్చిన పేరుగల వేరియబుల్‌లో విలువ రాసే ప్రింట్ఎఫ్ -వి కాస్త మర్యాదస్తురాలు. చెల్లని పేరైతే ఎర్రర్ ఇస్తుంది. అలాగని పూర్తిగా నమ్మొద్దు: పేరులో స్క్వేర్ బ్రాకెట్, దాని లోపల డాలరు, మామూలు బ్రాకెట్లు ఉంటే అందులోని కమాండ్ నడుస్తుంది. అందుకే అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ తప్ప ఇంకేమీ లేవని ముందే రెజెక్స్‌తో (అక్షరాల నమూనాతో) చూడాలి. పేరుకు ముందు మీ సొంత ప్రిఫిక్స్ కూడా తగిలించండి. లేకపోతే ఫైల్లో 'పాత్' అని పెద్దక్షరాల్లో ఒక్క లైను ఉన్నా చాలు, కమాండ్లను ఎక్కడ వెతకాలో బాష్‌కు చెప్పే వేరియబుల్ అదే కాబట్టి ఆ తర్వాత ఎల్ఎస్ లాంటి మామూలు కమాండ్ కూడా దొరకదు. విలువ తిరిగి చదవడానికి ఫ్లవర్ బ్రాకెట్లో పేరుకు ముందు ఆశ్చర్యార్థకం పెట్టాలి.

డిక్లేర్‌తోనూ వేరియబుల్ పుట్టించవచ్చు. కానీ ఫంక్షన్ లోపల వాడితే అది లోకల్ అవుతుంది, ఫంక్షన్ ముగియగానే పోతుంది. దాన్ని గ్లోబల్‌గా ఉంచడానికి బాష్ 4.2 నుంచి -జి ఉంది.

అసోసియేటివ్ అర్రే 4.0లో, 2009లో వచ్చింది. పెద్దక్షరం ఏ తో డిక్లేర్ చేయడం మరిచారా, బాష్ దాన్ని మామూలు అర్రే అనుకుని కీని లెక్కగా చూస్తుంది. విలువ లేని పేరు సున్నా కిందే లెక్క కాబట్టి అన్నీ సున్నా స్థానంలోనే పడి చివరిది మిగులుతుంది. ఎర్రరూ రాదు, అదే చికాకు. కీలు వేసిన వరుసలో తిరిగి రావు. వరుస కావాలంటే పక్కనే ఇంకో మామూలు అర్రే ఉంచుకోవాలి. ఎక్స్‌పోర్ట్ చేయడానికీ కుదరదు.

ఒక వేరియబుల్‌ను ఇంకో వేరియబుల్‌కు మారుపేరుగా చేసే నేమ్‌రెఫ్, అంటే డిక్లేర్ -ఎన్, 4.3 నుంచి ఉంది. ఫంక్షన్‌కు అర్రే అందించడానికి భేషుగ్గా పనికొస్తుంది. కానీ లోపలి రెఫరెన్స్ పేరు, పిలిచినవాడు పంపిన పేరు ఒకటే అయితే 'సర్క్యులర్ నేమ్ రిఫరెన్స్' అని మొరాయిస్తుంది. ఫంక్షన్ పేరునే ప్రిఫిక్స్‌గా పెట్టుకుంటే ఆ గొడవ దాదాపు ఉండదు.

లూప్ అయ్యాక విలువలన్నీ మాయమైతే వీటిలో దేన్నీ తిట్టకండి. ఫైల్‌ను క్యాట్ నుంచి పైపుతో వైల్ లూప్‌కు పంపితే ఆ లూప్ సబ్‌షెల్‌లో, అంటే వేరే షెల్‌లో నడుస్తుంది, అందులో పెట్టిన విలువలు దానితోనే పోతాయి. ఫైల్‌ను లూప్ చివరి 'డన్' పక్కన రీడైరెక్ట్ చేస్తే సరిపోతుంది.

మ్యాక్‌తో వచ్చే బాష్ ఇంకా 3.2 దగ్గరే ఉంది. అక్కడ అసోసియేటివ్ అర్రే, నేమ్‌రెఫ్ రెండూ లేవు, ప్రింట్ఎఫ్ -వి మాత్రం పనిచేస్తుంది. స్క్రిప్ట్ మొదట్లోనే వెర్షన్ చూసి 4 కన్నా (నేమ్‌రెఫ్ వాడితే 4.3 కన్నా) తక్కువైతే ఆపేయండి.