సిక్కోలు పండగ భోజనాలు, రాబోయే ఓడ ప్రయాణం

నలుగురు స్నేహితులకు ఒకేసారి సెలవు దొరికేది ఏడాది మొత్తం మీద సంక్రాంతికే అయినప్పుడు, ఆ కాస్త సమయాన్ని ఎక్కడ, ఎలా గడపాలన్నది తేలికగా తీసుకునే విషయం కాదు. మాలో ఒకడు పైడిభీమవరంలో మందుల కంపెనీలో షిఫ్టు ఇన్‌ఛార్జి; పండగైనా పబ్బమైనా అక్కడ రియాక్టర్లు ఆగవు కనుక అతని సెలవు డ్యూటీ చార్టు చేతిలో ఉంటుంది. ఇంకొకడు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. సెలవు పెట్టినా ఆన్‌కాల్ బాధ్యత, అంటే ఏ వేళ పిలిచినా పని అందుకోవలసిన బాధ్యత, అతన్ని వదలదు. మూడోవాడు శ్రీకాకుళం జిల్లా గార మండలంలో సొంత ఊళ్లోనే ఉంటూ ప్రభుత్వ పాఠశాలలో పాఠాలు చెబుతున్నాడు. నేను విజయనగరంలో బ్యాంకు ఉద్యోగిని. ఎవరి ఇంట్లో వారు పెద్దపండగ చేసుకుని, కనుమ నాడు కాకైనా కదలదంటారు కనుక ఆ రోజు కూడా ఇంటిపట్టునే ఉండి, ముక్కనుమ ఉదయం బయలుదేరి సిక్కోలులో, అంటే శ్రీకాకుళం పట్టణంలో, కలుసుకున్నాము. సెలవులు ముగిసేలోగా చుట్టుపక్కల చూడదగినవి చూడాలన్నది ఒక పని, వానాకాలంలో కుటుంబాలతో విశాఖ నుంచి చేయదలచిన ఓడ ప్రయాణం సంగతి తేల్చుకోవాలన్నది రెండో పని. బసనైనా, భోజనాన్నైనా, ఊరినైనా మేము ఒకే కొలతతో చూశాము: అందరమూ ఒకచోట కూర్చుని, ఎవరూ తొందరపెట్టకుండా తిని, మాట్లాడుకునే వీలు అక్కడ ఎంత ఉంది అన్నదే ఆ కొలత.

ప్రయాణం గురించి చెప్పవలసింది కొంచెమే. నేను కారులో విజయనగరం నుంచి వచ్చి నాతవలస దగ్గర పదహారో నంబరు జాతీయ రహదారి ఎక్కి, దారిలోనే పైడిభీమవరం మిత్రుణ్ణి ఎక్కించుకున్నాను. హైదరాబాదు మిత్రుడు రైల్లో వచ్చాడు. కొత్తగా వచ్చేవారు గుర్తుంచుకోవలసింది ఏమిటంటే, శ్రీకాకుళం రోడ్ స్టేషను పట్టణంలో లేదు, ఆమదాలవలసలో ఉంది. అక్కడి నుంచి పట్టణానికి బస్సులు, ఆటోలు ఉంటాయి గానీ పండగ రోజుల్లో తెల్లవారుజామున దిగితే ఆటోవాళ్లు చెప్పిందే రేటు.

బస విషయంలో మా ముందు రెండు దారులున్నాయి. ఒకటి పట్టణంలో ఆర్టీసీ బస్సుల కాంప్లెక్సుకు దగ్గరగా ఉన్న లాడ్జి, రెండోది సముద్రం వైపు ఉన్న రిసార్టు. మొదటి రాత్రి లాడ్జిలో దిగాము. గదులు చిన్నవే అయినా దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్లు పొద్దున్నే సరిగా వచ్చాయి. అన్నిటికంటే మెచ్చుకోవలసింది వారి ఇరవై నాలుగు గంటల చెక్ అవుట్ పద్ధతి. ఏ వేళకు దిగితే మర్నాడు ఆ వేళ వరకు గది మనదే కనుక, దర్శనం ముగించుకుని వచ్చి కాసేపు నడుము వాల్చే వీలు కలిగింది. మరునాడు మారిన రిసార్టులో మధ్యాహ్నం పన్నెండుకల్లా ఖాళీ చేయాలన్నారు, పండగ రేటు పేరుతో మామూలు అద్దెకు సగం అదనంగా కలిపారు, రాత్రి తొమ్మిదికి వంటగది మూసేస్తారన్న మాట తొమ్మిది దాటాక చెప్పారు. గది కిటికీ నుంచి సరుగుడు తోట, దాని వెనుక కెరటాల హోరు ఎంత బాగున్నా, ఆకలితో ఉన్న నలుగురికి బిస్కెట్ పొట్లాలు చూపించిన బసను నేను మంచి బస అనలేను. పిల్లలతో వెళ్లేవారు గది తీసుకునే ముందే వంటగది వేళలు అడిగి తెలుసుకోవడం అవసరం.

పట్టణంలో పూటకూళ్ల మెస్సులు చాలావరకు ముక్కనుమ దాకా తెరుచుకోవు. వంటవాళ్లు, వడ్డించేవాళ్లు కూడా పండగకు ఊళ్లకు వెళతారు కదా, వాళ్లను తప్పుపట్టడానికి లేదు. తెరిచి ఉన్న బిర్యానీ హోటళ్లలో రద్దీ ఎంతంటే, మనం తింటుండగానే మన కుర్చీ వెనుక ఇంకొకరు వచ్చి నిలబడతారు. మా కొలత ప్రకారం ఆ భోజనానికి మార్కులు పడలేదు. టిఫిన్ మాత్రం బజారులోని ఒక పాకలో తిన్న ఇడ్లీ, అల్లం చట్నీ, ఆ వెంట ఇచ్చిన వేడివేడి టీ, మూడూ బాగున్నాయి.

అరసవల్లికి ఉదయం చీకటితోనే వెళ్లడం మేలు. ఉత్తరాయణం మొదలైన రోజులు కావడంతో సూర్యనారాయణ స్వామి దర్శనానికి క్యూ చాలా పొడుగుంది. మార్చి, అక్టోబరు నెలల్లో మూలవిరాట్టు పాదాలను సూర్యకిరణాలు తాకే రోజుల్లోనూ, రథసప్తమికీ ఇంతకు ఎన్నో రెట్లు జనం ఉంటారు. శ్రీకూర్మం ఇందుకు భిన్నంగా ఎంతో నెమ్మదిగా ఉంది. కూర్మావతారంలో స్వామి పశ్చిమాభిముఖంగా ఉండటం, రెండు ధ్వజస్తంభాలు ఉండటం, ఆవరణలో నక్షత్ర తాబేళ్లను కాపాడుతుండటం ఆ ఆలయపు ప్రత్యేకతలు. మండపంలో గోడల మీద మాసిపోతున్న పాత చిత్రాల దగ్గర టీచరు మిత్రుడు మమ్మల్ని చాలాసేపు నిలబెట్టాడు. అక్కడ ఎవరూ పదండి పదండి అనలేదు. ఆ తర్వాత వంశధార ఒడ్డున శాలిహుండం కొండ ఎక్కాము. 1919లో గిడుగు రామమూర్తి పంతులు గారు వెలుగులోకి తెచ్చిన ఈ బౌద్ధ క్షేత్రంలో ఇటుక స్తూపాల మధ్య నిలబడితే కింద నది, దూరంగా సముద్రం వైపు చదును నేల కనిపిస్తాయి. పైన నీడ తక్కువ, తాగునీరు మనమే తీసుకెళ్లాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారికి మెట్లు కష్టం.

ఈ తిరుగుడంతటిలో నేను మనసారా చెప్పదలచుకున్నది టీచరు ఇంట్లో జరిగిన భోజనం గురించి. ముక్కనుమ కనుక నాటుకోడి పులుసు, మినపగారెలు ఎలాగూ ఉన్నాయి. వాటితోపాటు గుమ్మడి, చిలగడదుంప, మునగకాడ, వంకాయ ముక్కలు వేసి బెల్లం తగిలించిన దప్పళం, ఆవ పెట్టిన అరటికాయ కూర, కొత్త బియ్యంతో వండిన అన్నం ఉన్నాయి. మా ఉత్తరాంధ్ర పులుసులో బెల్లం ఎందుకు వేస్తారని ఇతర జిల్లాలవారు అడుగుతుంటారు; చింతపండు పులుపును, ఎండుమిర్చి కారాన్ని ఒక దారికి తెచ్చేది ఆ చిన్న బెల్లం ముక్కేనని ఆ దప్పళం తిన్నవారికి వేరే చెప్పనక్కరలేదు. భోజనాలయ్యాక మేము పట్టుకెళ్లడానికని ఆయన అమ్మగారు మళ్లీ అరిసెలకు పొయ్యి వెలిగించారు. గిన్నెడు నీళ్లలో పాకం చుక్క వేసి, వేలితో దగ్గరకు తీసి, అది మెత్తని ఉండగా నిలిచీ నిలవగానే గిన్నె దింపి తడి బియ్యప్పిండి పోశారు. నువ్వులు అద్ది నూనెలో వేసిన అరిసె పొంగి పైకి తేలగానే రెండు గరిటెల మధ్య పెట్టి నొక్కితే, నూనె సన్నని ధారగా జారి మూకుడులో పడింది. "మాటల్లో పడి పాకం ముదరనిచ్చేరంటే అరిసి రాయైపోద్ది నాయనా" అంటూనే, మేము లేవబోతుంటే "అప్పుడే ఎల్లిపోతారేటి, కూకోండి" అని మమ్మల్ని మళ్లీ కూర్చోబెట్టారు. సాయంత్రం దీపాలు పెట్టేదాకా వాళ్లింటి అరుగు మీదే కూర్చున్నాము. కంపెనీలో కొత్తగా వచ్చిన పన్నెండు గంటల షిఫ్టుల గురించి, హైదరాబాదులో ఏడాదికోసారి వచ్చే ఉద్యోగాల కోత భయం గురించి, బ్యాంకులో ఖాళీలు నింపకపోవడం వల్ల మిగిలినవారి మీద పడుతున్న భారం గురించి ఒకరికొకరు దాచుకోకుండా చెప్పుకున్నాము. ఫోనులో ఏడాది పొడవునా మాట్లాడుకుంటూనే ఉన్నా ఈ మాటలు అక్కడే బయటికి వచ్చాయి.

ఓడ ప్రయాణం చర్చ కళింగపట్నంలో నడిచింది. ఒకప్పుడు ఓడలు ఆగిన రేవు అది. దీపస్తంభం ఇప్పటికీ వెలుగుతోంది, వంశధార సముద్రంలో కలిసేది అక్కడికి దగ్గరలోనే. ఒడ్డున వల సరిచేసుకుంటున్న ఒక పెద్దాయన మా మాటలు విని చేరువయ్యాడు. ఈ తీరం నుంచి ఎందరో మత్స్యకారులు పని కోసం గుజరాత్‌లోని వేరావల్ వెళ్లి అక్కడి బోట్ల మీద నెలల తరబడి సముద్రంలోనే ఉంటారు. 2018లో అలా వెళ్లిన ఉత్తరాంధ్ర వారిని పాకిస్తాన్ అధికారులు పట్టుకుంటే 2020 జనవరిలో గాని విడుదల కాలేదు. ఆయన కూడా వేరావల్ బోట్లలో పనిచేసి వచ్చినవాడే. మేము వానాకాలంలో వెళతామనగానే, "ఆషాఢంలో కెరటం పెద్దదవుద్ది బాబూ, పెద్ద ఓడకేటీ అవదు గానీ అలవాటు లేనోళ్లకి కడుపులో తిప్పుద్ది" అన్నాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో చేపల వేట నిషేధం ఉంటుంది. అది ముగిశాక బోటు దించే మొదటి వారాల్లో సముద్రం ఎలా ఉంటుందో ఆయనకంటే ఎవరికి తెలుసు?

నెల మార్చుకుందామంటే అది మా చేతిలో లేదు. 2022 జూన్‌లో విహార నౌకలు నడిపే కార్డెలియా సంస్థ 'ఎంప్రెస్' ఓడ మొదటిసారి విశాఖకు వచ్చి పుదుచ్చేరి, చెన్నై వైపు ప్రయాణికులను తీసుకెళ్లింది. ముంబయి వైపు అరేబియా సముద్రం రుతుపవనాలతో రేగే నెలల్లోనే ఓడ ఇటు వస్తుంది కనుక, మన వైపు నుంచి ఎక్కాలంటే ఆ కాలమే గతి. 2023 సెప్టెంబరులో ప్రారంభమైన విశాఖ క్రూయిజ్ టెర్మినల్ వల్ల ఎక్కడం, దిగడం ఇప్పుడు సౌకర్యంగా ఉంటుంది. కుదుపు తక్కువగా తెలియాలంటే ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తుల్లో గది తీసుకోవాలి. అద్దెలో తక్కువైనది కిటికీ లేని లోపలి గది. పైడిభీమవరం మిత్రుడు బాల్కనీ కావాలని పట్టుబట్టాడు. రోజంతా మాస్కు, గౌను వేసుకుని మూసిన గదుల్లో పనిచేసేవాడికి గాలి మీద ఆశ ఉండటంలో న్యాయం ఉంది. కానీ ఆ ఓడ 1990లో సేవలోకి వచ్చిన పాతది కనుక బాల్కనీ గదులు తక్కువ, ఖరీదు ఎక్కువ. సముద్రం కనిపించే కిటికీ గది దగ్గర అతను రాజీకి వచ్చాడు. నా మట్టుకు నాకు లోపలి గది చాలు. నిద్రపోవడానికి తప్ప గదిలో ఉండే ఉద్దేశం నాకు లేదు.

ప్రకటనలో కనిపించే ధర మీద జీఎస్టీ, పోర్టు చార్జీలు, సేవా రుసుము కలుస్తాయి. బఫే భోజనం టికెట్టులోనే వస్తుంది. మద్యం, ప్రత్యేక రెస్టారెంట్లు, వైఫై, ఊరు చూపించే టూర్లు విడిగా చెల్లించవలసినవి. తీరం దాటి కొద్ది దూరం పోగానే మామూలు సిగ్నల్ పోతుంది, ఆ తర్వాత ఫోను తనంతట తాను ఓడలోని ఉపగ్రహ నెట్‌వర్కును పట్టుకుంటే బిల్లు భారీగా పడుతుంది కనుక ఫ్లైట్ మోడ్‌లో ఉంచాలి. హైదరాబాదు మిత్రుడు ఆ రోజులకు ఆన్‌కాల్ ఇంకొకరికి అప్పగించి రావాలని, వైఫై కొనుక్కుని పనిచేస్తానంటే ఒప్పుకునేది లేదని మేము ముగ్గురమూ గట్టిగా చెప్పాము. బయలుదేరే ముందు ప్రాణరక్షణ డ్రిల్లుకు ప్రతి ఒక్కరూ హాజరు కావాలి. 2012లో ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా అనే విహార నౌక మునిగిన తర్వాత ఈ నిబంధనను మరింత కట్టుదిట్టం చేశారు, పిల్లలను ఈత కొలను దగ్గర వదిలి దానికి డుమ్మా కొట్టడం కుదరదు.

ఓడలోకి ఇంటి వంటలు సాధారణంగా అనుమతించరని విని టీచరు అమ్మగారు చిన్నబుచ్చుకున్నారు. ఆవిడ కూడా మాతో వస్తున్నారు; సోమవారాలు ఉల్లి, వెల్లుల్లి ముట్టరు. మన దేశపు ప్రయాణికుల కోసం నడిపే ఓడల్లో శాకాహారంతోపాటు జైన భోజనం కూడా వండుతారు కనుక ఆ చిక్కు తీరుతుంది, అయితే బుకింగ్ సమయంలోనే ఆ మాట రాయించాలి. నేను ఇంతకంటే ముఖ్యంగా పట్టించుకున్నది బల్ల సంగతి. చాలా ఓడల్లో రాత్రి భోజనానికి ముందు వేళ, తర్వాతి వేళ అని రెండు విడతలు ఉంటాయి. నాలుగు కుటుంబాలు నాలుగు వేర్వేరు బుకింగ్ నంబర్లతో వెళితే, రెండు కుటుంబాలు మొదటి విడతలో, రెండు రెండో విడతలో పడవచ్చు. అంత ఖర్చు పెట్టి సముద్రం మీదికి వెళ్లి భోజనానికి విడిపోవడం కంటే గార మండలంలో అరుగు మీద కూర్చోవడం వెయ్యి రెట్లు నయం. అందుకే బుకింగులన్నీ ఒకదానితో ఒకటి జతచేసి, తొలి విడతలో ఒకేచోట పక్కపక్క బల్లలు ఇవ్వాలని ఏజెంటును అడిగాము. నోటిమాటతో సరిపెట్టకుండా రాతపూర్వకంగా ఇమ్మన్నాము. ఓడ రద్దయినా, తుపాను వల్ల దారి మారినా డబ్బు ఎంత తిరిగి వస్తుందన్నది కూడా అదే ఉత్తరంలో ఉండాలన్నాము.

కంపెనీలో వేసవి తర్వాతి డ్యూటీ చార్టు మార్చి చివరకు వస్తుంది. టీచరుకు బడులు తెరిచిన కొత్త కాబట్టి శని, ఆదివారాలు కలిసే తేదీ కావాలి. ఈ రెండూ కుదిరి, ఏజెంటు నుంచి ఉత్తరం వచ్చిన రోజున అడ్వాన్సు కడతాము. అది కుదరని పక్షంలో ఆ డబ్బుతోనే మా జిల్లాలోని బారువ బీచి, తేలినీలాపురం పక్షుల కేంద్రం, శ్రీముఖలింగం గుడి వైపు కుటుంబాలతో వెళదామని, అప్పుడు బస మాత్రం ఇరవై నాలుగు గంటల చెక్ అవుట్ ఉన్న లాడ్జిలోనే దిగుదామని నలుగురమూ ఒప్పుకున్నాము.