ఐస్ లాంజా, స్నో పార్కా... తిరుపతి నుంచి పోయేవాళ్లకి ఏది మేలు?

మే నెల వచ్చిందంటే మా ఇంట్లో ఒకటే మాట, ఎక్కడికన్నా చల్లగా ఉండే చోటికి పోదామని. హార్స్‌లీ హిల్స్ ఎన్నిసార్లు పోయినామో లెక్కలేదు, పిల్లోళ్లకి ఇప్పుడు ఆ చలి చాలదంట, ఐసే కావాలంట. రెండూ చూసొచ్చినా కాబట్టి చెప్తా ఉండా: ఒకటి మద్రాసు ఈసీఆర్ రోడ్డులో వీజీపీ స్నో కింగ్‌డమ్ అనే స్నో పార్కు, ఇంకోటి దుబాయ్‌లో చిల్‌అవుట్ ఐస్ లాంజ్, అంటే అంతా ఐస్‌తోనే కట్టిన కూర్చునే చోటు.

ఇట్లాంటి ఐస్ లాంజ్‌ని ఐస్ బార్ అని కూడా అంటారు, ఆ పేరు వినంగానే మా అత్త మందు షాపనుకొని నేను రానుపో అనింది. దుబాయ్‌లో ఇది మందు లేని చోటు, పిల్లల్తో పోవచ్చు. స్వీడన్ దేశం స్టాక్‌హోమ్‌లో 2002లో పెట్టిన ఐస్‌బార్ లాంటివైతే నిజంగా బార్లే, అక్కడ ఆ దేశం ఉత్తరాన పారే టోర్నె నది ఐస్ తెచ్చి కట్టినారు. ఆ నది ఐస్ అద్దం మాదిరి ఉంటుంది, ఎందుకంటే పారే నీళ్లు పై నుంచి నిదానంగా గడ్డకడతా గాలిని బయటికి తోసేస్తాయి, మన ఫ్రిజ్ ట్రేలో అన్ని పక్కల నుంచి ఒకేసారి గడ్డకట్టి గాలి మధ్యలో ఇరుక్కుంటుంది, అందుకే మన ఐస్ ముక్క నడిమిన తెల్లగా ఉంటుంది.

దుబాయ్ లాంజ్‌లో మైనస్ 6 డిగ్రీలు, బయటేమో 40 దాటిన ఎండ. గోడలు, బల్లలు, కుర్చీలు, గ్లాసులు అన్నీ ఐసే. కోటు, గ్లౌజులు వాళ్లే ఇస్తారు. ఐస్ గ్లాసులో జ్యూస్ పోసిస్తే మా పాప రెండు చేతుల్తో పట్టుకొని, తాగకుండా లైటుకి అడ్డంపెట్టి చూస్తానే ఉండింది, ఆ మొహం చూసినాక నాకు టికెట్ డబ్బులు గుర్తే రాలేదు. నిజంగా అంత అందంగా ఉంటుంది. కానీ పరిగెత్తేదానికి, ఆడేదానికి ఏమీ ఉండదు, కూర్చోవాల, చూడాల, ఫోటో తీసుకోవాల, అరగంటకే మా చిన్నోడు పోదాం పోదాం అని ఒకటే గోల. ఫోన్ బ్యాటరీ కూడా చలికి గబగబా దిగిపోయింది, బయటికి రాంగానే నా కళ్లద్దాలు ఆవిరి పట్టి కాసేపు ఏమీ కనపడలా.

మద్రాసులో ఆ అందం లేదు, అది మిషన్‌తో చేసిన మంచు, కింద పొడిపొడిగా ఉంటుంది. అయితే పిల్లోళ్లు దాంట్లో పొర్లొచ్చు, జారొచ్చు, ఉండలు చేసి నాయన మొహానే కొట్టొచ్చు! పైగా తిరుపతి నుంచి దగ్గర దగ్గర 150 కిలోమీటర్లే, తెల్లారి టిఫిన్ తిని బయల్దేరితే రాత్రి భోజనానికి ఇంట్లో ఉండొచ్చు, వీసా లేదు, పాస్‌పోర్ట్ లేదు.

అందుకే పదేళ్లలోపు పిల్లోళ్లుంటే నేను మద్రాసే పొమ్మంటా. ఐస్ లాంజ్ కోసమే దుబాయ్‌కి పోవాల్సిన పని లేదు, మన చిత్తూరోళ్లకి అక్కడ చుట్టాలు ఉంటారు కదా, వాళ్లని చూసేదానికి పోయినప్పుడు మాత్రం వదలొద్దు, పెద్దవాళ్లని కూడా తీసుకుపోండి, మా అత్త చివరికి వచ్చింది, వచ్చినాక అందరికంటే జాస్తి ఫోటోలు తనవే.

రెండు చోట్లకీ చెప్పులేసుకొని పోవద్దు. కోటు మోకాళ్ల దాకానే వస్తుంది, చలి మొదట పట్టేది కాలివేళ్లనే. మందం సాక్సు, బూట్లు ఇంటి నుంచే వేసుకొని పోండి.