యోంగ్లె ఎరుపా, చియాన్‌లోంగ్ ఎరుపా?

చైనా చక్రవర్తులు యోంగ్లె, చియాన్‌లోంగ్ కాలాల ఎర్ర లాకర్ (lacquer) పూత పెట్టెల్లో ఏది మేలు? ఈ పూత మన ఏటికొప్పాక లక్క కాదు, ఒక చెట్టు పాలు. ఇంగిలీకం (ఎర్ర రంగు ఖనిజం) కలిపి, పదులకొద్దీ పూతలు పూసి, ఆ మందంలో నగిషీ చెక్కుతారు.

పనితనం: యోంగ్లె (1403–1424) పెట్టెల మీద నిండైన పియోనీ పూలు. అంచులు ఎంత నున్నగా సానపట్టారంటే, వేలితో తడమాలనిపిస్తుంది. చియాన్‌లోంగ్ (1736–1795) వాటిలో గీత పదును, కిక్కిరిసిన నగిషీ.

ధర: యోంగ్లెవి అరుదు, చాలా ఖరీదు.

రిస్క్: యోంగ్లె ముద్ర (ఏ చక్రవర్తి కాలమో చెప్పే గుర్తు) సూదితో గీసినంత సన్నం. తర్వాతి కాలంలో చేర్చినవీ ఉన్నాయి, ముద్ర ఒక్కటే చూసి నమ్మొద్దు.

జాగ్రత్త: ఎండ, పొడిగాలి రెండింటికీ పడవు.

మ్యూజియంలో ఒక్కటే చూసే టైముంటే యోంగ్లె. కొత్తగా సేకరించేవారికి చియాన్‌లోంగ్ కాలపు చిన్న పెట్టె నయం.